నాన్నగారి 340 పుస్తకాలు ఎవరివి?

ప్రశ్న

లాయరు గారికి నమస్కారం. మా నాన్నగారు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చూపు మందగించి అచ్చు పుస్తకం చదవడం కష్టమయ్యాక, 11 ఏళ్ల క్రితం ఒక ఈ-రీడర్ కొనుక్కున్నారు. అక్షరాలు పెద్దవి చేసుకుని రోజూ రాత్రి రెండు గంటలు చదివేవారు. నాలుగు నెలల క్రితం కాలం చేశారు. ఆయన ఖాతాలో 340 ఈ-పుస్తకాలు, 60 దాకా సినిమాలు ఉన్నాయి. అన్నీ డబ్బు పెట్టి కొన్నవే. ఈమెయిల్లో రసీదులున్నాయి, లెక్క వేస్తే 80 వేల రూపాయల పైమాటే. ఖాతాను నా పేరుకు మార్చమని మరణ ధ్రువపత్రం జతచేసి కంపెనీకి రాశాను. ‘ఈ పుస్తకాలు, సినిమాలు మీ తండ్రిగారికి లైసెన్సు మీద మాత్రమే ఇచ్చాం, బదిలీ కుదరదు’ అని రెండు ముక్కల జవాబు వచ్చింది. తీరా చూస్తే ఆయన కొన్న సినిమాల్లో రెండు అసలు జాబితాలోనే లేవు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య ‘పాస్‌వర్డ్ తెలుసు కదా, ఎవరికీ చెప్పకుండా వాడుకో’ అంటాడు. మా అబ్బాయి ‘తాళం తీసే సాఫ్ట్‌వేర్ ఉంది, అన్నీ కాపీ చేసేస్తాను’ అంటాడు. నాకు చాటుమాటు పనులు ఇష్టం లేదు. నాన్న కొన్న పుస్తకాలు మావి కావా? కోర్టుకు వెళ్లవచ్చా?

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం

అమ్మా,

చదవడం ఇక్కడే ఆపి ఒక పని చేసి రండి. ఇంట్లో వైఫై ఆపేసి, నాన్నగారి ఈ-రీడర్‌ను ఆన్ చేసి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఆ తర్వాత వైఫై మళ్లీ వేసుకోవచ్చు. ఆ పరికరం మాత్రం నేను చెప్పేదాకా ఇంటర్నెట్ మొహం చూడకూడదు. కారణం కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఆ 340 పుస్తకాలు మీవి కావు. బాధాకరమైన సంగతి ఏమిటంటే, అవి నాన్నగారివి కూడా కావు. ఆయన 80 వేలు పెట్టి తెచ్చుకున్నది చదువుకునే అనుమతి. ఆ అనుమతి ఆయన పేరు మీద ఉంది, ఆయనతోనే ముగుస్తుందని షరతుల కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని ఆయన చదవలేదు. నేను కూడా నా ఫోనులో అలాంటివి కనీసం యాభై ఒప్పుకుని ఉంటాను. వృత్తిరీత్యా షరతులు చదవడమే పనిగా బతికినవాణ్ణి, ఒక్కటీ పూర్తిగా చదవలేదు. కాబట్టి ఆయన అమాయకత్వం అనుకోకండి.

ఇదే ఆయన అచ్చు పుస్తకాలు కొని ఉంటే మీరు నాకు ఉత్తరం రాయవలసిన అవసరమే లేదు. ఆదివారం హైదరాబాదులో ఆబిడ్స్ వైపు వెళితే, మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి. అట్ట లోపల ఎవరో ఎవరికో పుట్టినరోజు కానుకగా ఇచ్చినట్టు రాసి ఉంటుంది. ఆ పుస్తకం మూడు చేతులు మారి మీ చేతికి వస్తుంది. ప్రచురణకర్తకు పైసా వెళ్లదు, అయినా అది నేరం కాదు. 1957 కాపీరైటు చట్టం 14వ సెక్షన్‌లో, ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు రచయితదే అంటూనే, ‘ఇప్పటికే చెలామణిలో ఉన్న ప్రతులు’ ఆ హక్కు కిందికి రావని చెప్పారు. ఒకసారి అమ్ముడైన ప్రతి చెలామణిలో ఉన్నట్టే లెక్క అని కింద వివరణ కూడా ఇచ్చారు. ఆబిడ్స్ పేవ్‌మెంటు బతుకుతున్నది ఈ ఒక్క వాక్యం మీదే. నాన్నగారి అచ్చు పుస్తకం మీకు రావడానికి, మీరు దాన్ని పక్కింటి అమ్మాయికి ఇవ్వడానికి అడ్డు లేకుండా చేసేది కూడా అదే.

ఈ సూత్రం ఊరికే రాలేదు. అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ నవల మొదటి పేజీల్లోనే ‘దీన్ని ఒక డాలరుకు తక్కువకు అమ్మితే కాపీరైటు ఉల్లంఘనే’ అని అచ్చు వేసింది. న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద దుకాణం దాన్ని లెక్క చేయకుండా 89 సెంట్లకు అమ్మింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టు, ఒకసారి అమ్మాక దాని తర్వాతి ధర మీద మీకు పెత్తనం లేదని ప్రచురణకర్తకు చెప్పి పంపింది. పేజీ మీద షరతు అచ్చు వేసినంత మాత్రాన కొన్నవాడి చేతులు కట్టేయలేరని తీర్పు సారాంశం. ఆ రోజుల్లో ప్రచురణకర్త మొదటి పేజీలో వేసిన షరతే, నేడు ‘నేను అంగీకరిస్తున్నాను’ అనే గడి అయింది. తేడా ఒకటే: అప్పుడు ఆ షరతు ఓడిపోయింది.

ఇప్పుడు ఎందుకు గెలుస్తోంది? ఇక్కడ ప్రచురణకర్తల పక్షాన ఒక మాట చెప్పకపోతే నేను న్యాయంగా మాట్లాడినట్టు కాదు. పుస్తకం మీకు ఇస్తే నా చేయి ఖాళీ అవుతుంది. ఫైలు మీకు పంపితే నా దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. రీడిజి అనే అమెరికన్ సంస్థ, జనం కొనుక్కున్న పాటల ఫైళ్లను పాత పుస్తకాల్లా మళ్లీ అమ్ముకునే ఏర్పాటు చేసింది. అమ్మినవాడి కంప్యూటర్‌లో ఫైలు తీసేస్తామని కూడా చెప్పింది. 2018లో అప్పీలు కోర్టు, ఫైలు ఒకచోటి నుంచి మరొకచోటికి వెళ్లడం అంటే కొత్త ప్రతి తయారు కావడమే, అది రచయిత హక్కు అని తేల్చింది. ఐరోపా న్యాయస్థానం అయితే రెండు నాలుకలతో మాట్లాడింది. 2012లో సాఫ్ట్‌వేర్ విషయంలో, శాశ్వత లైసెన్సు ఇచ్చి పూర్తి ధర తీసుకున్నాక అది అమ్మకమే, మళ్లీ అమ్ముకోవచ్చు అంది. 2019 డిసెంబరులో టామ్ కాబినెట్ కేసులో ఈ-పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అమ్మడం కుదరదు అంది. ఈ-పుస్తకం పాతబడదు, అట్ట చిరగదు, కాబట్టి పాతది కొత్తదానితో పోటీకి వస్తుందన్నది అక్కడి వాదన. వాదనలో పస ఉంది. కాని అది ‘మళ్లీ అమ్మకం’ గురించి. ఒక కూతురు తండ్రి పుస్తకాలు చదువుకోవడం గురించి ఆ కోర్టులు ఏమీ చెప్పలేదు. అమ్ముకోవడం వేరు, వారసత్వం వేరు. కంపెనీలు మాత్రం రెంటినీ ఒకే వాక్యంలో కలిపి తాళం వేశాయి.

మాయమైన ఆ రెండు సినిమాల సంగతికి వద్దాం. అవి ఎవరి పొరపాటు వల్లో పోయాయని అనుకోవద్దు. దుకాణం తనకు లేని హక్కును మీకు అమ్మడం వల్ల పోయి ఉంటాయి. సినిమా తీసిన సంస్థ దగ్గర దుకాణం కొన్నేళ్లకు ఒప్పందం చేసుకుంటుంది. ఆ గడువు తీరితే దుకాణం సర్వర్‌లో నుంచి సినిమా దిగిపోతుంది, దానితోపాటు మీది కూడా. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఒక గదిని ఇంకొకరికి శాశ్వతంగా అమ్మినట్టు. 2022లో సోనీ ప్లేస్టేషన్ దుకాణంలో స్టూడియోకెనాల్ సినిమాలు కొన్న జర్మనీ, ఆస్ట్రియా వాళ్లకు ఇదే జరిగింది. 2023 చివర్లో అదే సంస్థ డిస్కవరీ కార్యక్రమాలు కొన్నవాళ్లకు అవి పోతాయని నోటీసు ఇచ్చింది. గోల పెరిగాక కొత్త ఒప్పందం కుదిరిందని వెనక్కి తగ్గింది. మీ అబ్బాయికి ఆటల మీద ఆసక్తి ఉంటే ‘ది క్రూ’ అనే కారు పందేల ఆట గతి చెప్పి ఉంటాడు. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేయడంతో, డబ్బు పెట్టి కొన్న ఆట మొత్తంగా ఆగిపోయింది. ఆ కోపంలోంచి ఐరోపాలో పుట్టిన సంతకాల ఉద్యమం 2025లో పది లక్షలు దాటింది.

ఇక మిమ్మల్ని పరికరం దగ్గరికి ఎందుకు పరుగెత్తించానో చెబుతాను.

2009 జులైలో అమెరికాలో అమెజాన్, జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ ప్రతులను కొన్నవాళ్ల కిండిల్ అనే ఈ-రీడర్లలోంచి దూరం నుంచే తీసేసింది. వాటిని తన దుకాణంలో పెట్టిన సంస్థకు అమెరికాలో అమ్మే హక్కు లేదని తెలిసి, డబ్బు తిరిగి ఇచ్చి పుస్తకం వెనక్కి లాక్కుంది. పాత రాతలను ప్రభుత్వం చెరిపేసే కథ ఉన్న నవలకే ఈ గతి పట్టడం చూసి లోకం నవ్వింది. అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ అది తెలివితక్కువ పని అని బహిరంగంగా క్షమాపణ చెప్పారు. నాకు ఆ ఉదంతంలో నవ్వు రాని భాగం ఒకటుంది. మిషిగన్ రాష్ట్రంలో ఒక హైస్కూలు విద్యార్థి వేసవి హోంవర్కు కోసం ఆ పుస్తకంలో నోట్సు రాసుకుంటున్నాడు. పుస్తకం పోయాక అతని నోట్సు దేనికి సంబంధించినవో తెలియని ముక్కలుగా మిగిలాయి. అతను కోర్టుకు వెళ్లాడు. అమెజాన్ 1,50,000 డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. పదేళ్ల తర్వాత, 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు అందరి పుస్తకాలూ తెరుచుకోకుండా పోయాయి. డబ్బు మొత్తం తిరిగి ఇచ్చింది. అంచుల్లో నోట్సు రాసుకున్నవాళ్లకు మాత్రం అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. అంటే పుస్తకం వేరు, చదివినవాడు రాసుకున్నది వేరు అని ఆ కంపెనీయే ఒప్పుకుంది.

నాన్నగారు రోజూ రాత్రి రెండు గంటలు, 11 ఏళ్లు చదివారని రాశారు. బ్యాంకు మనిషి అంటున్నారు, గీతలు గీయకుండా, పక్కన ఒక మాట రాయకుండా చదివి ఉంటారా? పుస్తకం మీద ఆయనకు ఉన్నది అనుమతే కావచ్చు, కాని దాని పక్కన ఆయన రాసుకున్న ప్రతి వాక్యం ఆయన రచన. దాని కాపీరైటు ఆయనది, కాపీరైటు ఆస్తిలాగే వారసులకు వస్తుంది. ఏ కంపెనీ షరతూ దాన్ని ‘మా కంటెంటు’ అనడానికి వీల్లేదు. ఖాతా మూసేస్తే, ఆ తర్వాత పరికరం ఇంటర్నెట్‌కు తగిలితే పుస్తకాలతోపాటు అవీ తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. మీరు మరణ ధ్రువపత్రం పంపించారు కనుక ఖాతా ఎప్పుడు మూస్తారో మనకు తెలియదు. అందుకే ఏరోప్లేన్ మోడ్.

ఇప్పుడు చేయవలసింది సులువే. పరికరాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే పెన్ డ్రైవులా తెరుచుకుంటుంది. చాలా ఈ-రీడర్లలో గీతలు గీసిన భాగాలు, రాసుకున్న గమనికలు ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో చేరుతుంటాయి. ఆ ఫైలును కాపీ చేసుకోండి. కనిపించకపోతే పుస్తకం తెరిచి, గమనికలు ఉన్న పేజీలను ఫోనుతో ఫొటోలు తీయండి. 340 పుస్తకాలకు నెల పట్టవచ్చు. పట్టనివ్వండి. ఖాతాలోకి వెళితే కనిపించే పుస్తకాల జాబితాను, కొన్న తేదీలను, ‘కొనండి’ అని ఉన్న బొత్తం కనిపించేలా దుకాణం పేజీని స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. రసీదుల ఈమెయిళ్లను మీ చిరునామాకు పంపించుకోండి. నాన్నగారి ఫోను నంబరును రద్దు చేయవద్దు; టెలికాం కంపెనీ దగ్గర వారసుల పేరుకు మార్పించుకోండి. ఓటీపీ అన్నది ఆ నంబరుకే వస్తుంది, అది పోతే మిగతా అన్ని తలుపులూ మూసుకుపోతాయి. ఆయన కార్డు నుంచి నెలనెలా కోత పడే చందాలు ఉంటే బ్యాంకుకు చెప్పి ఆపించండి. ఈ ఒక్క పని మరచిపోయి రెండేళ్లు డబ్బు కట్టిన కుటుంబాన్ని నేను చూశాను.

అన్నయ్య సలహా గురించి. పాస్‌వర్డ్‌తో చదువుకోవడం షరతులకు విరుద్ధం. కంపెనీకి తెలిస్తే ఖాతా మూసేయగలదు. మీరు మరణ వార్త చెప్పేశారు కనుక ఆ దారి ఇప్పటికే సగం మూసుకుపోయింది. నేను చేయమని చెప్పను, చేసేవాళ్లను దొంగలని అననూ అనను. దేశంలో ఎన్ని ఇళ్లలో పోయిన పెద్దాయన ఖాతాలో పిల్లలు సినిమాలు చూస్తున్నారో లెక్క తీస్తే షరతులు రాసినవాళ్లే సిగ్గుపడతారు. కాని మీకు చాటుమాటు ఇష్టం లేదన్నారు, ఆ స్వభావాన్ని మార్చుకోమని చెప్పడానికి నేనెవరిని?

మీ అబ్బాయి సలహా కాస్త చిక్కు వ్యవహారం. డిజిటల్ తాళం, అంటే కాపీ చేయనివ్వకుండా ఫైలుకు వేసే అడ్డు, తీయడం గురించి మన చట్టంలో 65ఎ అనే సెక్షన్‌ను 2012లో చేర్చారు. కాపీరైటును ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట కీలకం. చట్టం ప్రత్యేకంగా నిషేధించని పని కోసం తీస్తే ఆ సెక్షన్ వర్తించదని అక్కడే మినహాయింపు ఉంది. ఇంకోవైపు 52వ సెక్షన్ సొంత అవసరానికి న్యాయమైన పరిమితిలో వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. చూపు లేనివాళ్ల వంటి వికలాంగులు చదవగలిగే రూపంలోకి మార్చడాన్ని మరీ స్పష్టంగా అనుమతిస్తుంది; నాన్నగారు ఉండగా ఇదే ప్రశ్న అడిగి ఉంటే నా జవాబు ఇంత నసుగుతూ ఉండేది కాదేమో. ఒక తమాషా కూడా ఉంది: వేరొకరి కోసం తాళం తీసిపెట్టేవాడు, ఎవరి కోసం తీశాడో వాళ్ల పేరు, చిరునామా, వివరాలు రిజిస్టరులో రాసి ఉంచాలని చట్టం. వీధి చివర డూప్లికేట్ తాళాలు చేసేవాడికి పెట్టిన నిబంధనలా లేదూ? మీ విషయంలో చిక్కు ఏమిటంటే, లైసెన్సు నాన్నగారితో ముగిసిందని కంపెనీ అంటోంది. అది నిజమైతే మీ కాపీకి ఆధారం బలహీనం. కాబట్టి అబ్బాయిని ఆగమనండి. ఎవరికైనా పంచడం, టెలిగ్రామ్‌లో పెట్టడం వంటివి చేస్తే మాత్రం నేరుగా ఉల్లంఘన కిందికి వస్తుంది, అప్పుడు నాలాంటివాడి సానుభూతి కూడా పనికిరాదు. డాలస్‌లో ఉన్న అన్నయ్యకు కూడా ఒక మాట చెప్పండి: అక్కడ 1998 నాటి చట్టం కింద, ప్రత్యేక మినహాయింపులు ఇచ్చిన సందర్భాల్లో తప్ప, తాళం తీయడమే తప్పు. ఉద్దేశం మంచిదైతే వదిలేసే వెసులుబాటు మనకున్నంత అక్కడ లేదు.

ఇక కోర్టు. ఇక్కడ మీ పరిస్థితి మీరు అనుకుంటున్నంత బలహీనంగా లేదు.

మన దేశంలో సాఫ్ట్‌వేర్ సరుకా, కాదా అన్న గొడవ మన ఊళ్ల నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమ్మకం పన్ను వేసింది. 2004 నవంబరులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం, దుకాణంలో పెట్టెలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను కట్టవలసిందే అంది. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలసిస్ కేసులో ఇంకా ఆసక్తికరంగా జరిగింది. విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్ కోసం మనవాళ్లు కట్టే డబ్బు ‘రాయల్టీ’ అవుతుందా, దాని మీద ఆదాయపు పన్ను కోయాలా అన్నది ప్రశ్న. కాదు, మేము కాపీరైటు ఇవ్వలేదు, ప్రతిని అమ్మాం అంతే అని సాఫ్ట్‌వేర్ వ్యాపారం వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కాగితం మీద లైసెన్సు అని పేరు పెట్టినా, అసలు జరిగింది ప్రతి అమ్మకమే అంది. చూశారా అమ్మా? పన్నుల వాడు వస్తే ‘మేం అమ్మేశాం’. కూతురు వస్తే ‘మేం అమ్మలేదు, లైసెన్సు ఇచ్చాం’. ప్రభుత్వమూ తక్కువ తినలేదు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ సున్నా. అదే పుస్తకం ఈ-పుస్తకం అయితే అది ‘సేవ’; 18 శాతం ఉన్న పన్నును 2018 జులైలో 5 శాతానికి తగ్గించారు. నాన్నగారు కట్టిన 80 వేలలో ఈ పన్ను కూడా ఉంది. ఆ తీర్పులు పన్నుల గురించి ఇచ్చినవే, మీ కేసును అవి నేరుగా తేల్చవు. కాని ‘పేరు చూడకు, జరిగింది చూడు’ అన్న వాదనకు సుప్రీంకోర్టు మాట దొరికిందంటే ఏ లాయరూ వదులుకోడు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడు మరణిస్తే చట్టబద్ధ వారసులు ఫిర్యాదు చేయవచ్చు. మీరు నాన్నగారి బదులు నిలబడతారు. 2020 ఈ-కామర్స్ నియమాలు ‘డిజిటల్ ఉత్పత్తులు’ అన్న మాటను పేరు పెట్టి మరీ చేర్చాయి కాబట్టి ఈ-పుస్తకం ఈ నియమాల పరిధిలోకి రాదని ఏ కంపెనీ తప్పించుకోలేదు. ప్రతి ఈ-కామర్స్ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మీరు రాసింది కస్టమర్ కేర్‌కు అయి ఉంటుంది. ఫిర్యాదుల అధికారికి మళ్లీ రాయండి. అప్పటికీ కదలకపోతే 1915 జాతీయ హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ బెంగళూరులో ఉన్నా, సియాటిల్‌లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు. షరతుల్లో ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికే) వెళ్లాలని ఉంటే భయపడకండి. ఆ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2018లో సుప్రీంకోర్టు ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది.

ఏమి అడగాలన్నది ముఖ్యం. 340 పుస్తకాలనూ నా పేరు మీదికి మార్చండి అని అడిగితే కమిషన్ షరతుల కాగితం తీస్తుంది. ఆ షరతే అన్యాయం అని కొట్టించాలంటే ‘అన్యాయమైన ఒప్పందం’ కింద రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. అది పెద్ద పోరాటం. మీకు ఓపిక ఉంటే నేను ఎవరినీ ఆపను. ఇలాంటి కేసు ఎవరో ఒకరు వేయాలి కూడా. కాని నన్ను అడిగితే మాయమైన రెండు సినిమాలతో మొదలుపెట్టండి. అవి నాన్నగారికి ‘కొనండి’ అని చెప్పి అమ్మినవి, మధ్యలో తీసేసినవి. ఇక్కడ బదిలీ, వారసత్వం అనే వాదనలు అడ్డురావు. ధర తిరిగి ఇవ్వమని గట్టిగా అడగగల చోటు ఇది. దానికి పక్కనే, ‘కొనండి’ అన్న మాట తప్పుదోవ పట్టించేది, అనుచిత వ్యాపార విధానం అని రాయండి. కాలిఫోర్నియా ఇదే తప్పును చట్టంతో పట్టుకుంది: 2024 సెప్టెంబరులో సంతకం పడి, 2025 జనవరి 1 నుంచి అమలైన చట్టం ప్రకారం, లైసెన్సు మాత్రమే ఇస్తున్నామని విడిగా, స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు మీద ‘కొనండి’ అన్న మాట వాడకూడదు. శాశ్వతంగా దింపుకుని ఇంటర్నెట్ లేకుండా వాడుకునే ఫైలు ఇస్తే మాత్రం ఆ మాట వాడుకోవచ్చు. మనకు అలాంటి చట్టం లేదు. 2023 నవంబరులో మోసపు డిజైన్ల మీద వచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మాయలను పేర్కొన్నాయి, వాటిలో ఇది నేరుగా లేదు. అయినా తప్పుదోవ పట్టించడం అనే పాత మాట చట్టంలో ఉంది. అది చాలు.

రెండో కోరిక: నాన్నగారి గమనికలన్నిటినీ ఒక ఫైలుగా పంపమని అడగండి. ఇది వాళ్లకు పది నిమిషాల పని. కాదంటే వాళ్లే చెడ్డగా కనిపిస్తారు. మూడోది, పుస్తకాలు బదిలీ చేయలేమంటే కనీసం ఒక ఏడాది చదువుకోవడానికి ఖాతాను తెరిచి ఉంచమని. చట్టం కింద ఇది హక్కు కాదు. రాతపూర్వకంగా అడిగితే కొన్నిసార్లు ఇస్తారు.

మీ సొంత ఖాతా గురించి కూడా ఒక ముక్క. యాపిల్ వంటి సంస్థలు ‘వారసుడి’ పేరు ముందే నమోదు చేసుకోనిస్తాయి. ఫొటోలు, కాగితాలు ఆ మనిషికి వస్తాయి, కొన్న పుస్తకాలు, సినిమాలు రావు. 2023 డేటా రక్షణ చట్టంలోని నామినీ కూడా మన వివరాల మీద హక్కులకే. నేనైతే ఒకసారి చదివి పారేసేవాటికి ఈ-పుస్తకం, పిల్లలకు మిగలాలనుకున్నవాటికి అచ్చు పుస్తకం లేదా తాళం లేని ఫైలు కొంటాను. తెలుగులో చిన్న ప్రచురణకర్తలు కొందరు అడిగితే తాళం లేని పీడీఎఫ్ ఇస్తారు, ధర కూడా తక్కువ.

ఫిర్యాదుల అధికారికి ఇలా రాయండి, పేర్లు మీరు నింపుకోండి:

‘మా తండ్రిగారు మీ దగ్గర కొన్న రెండు సినిమాలు ఆయన జాబితాలో ఇప్పుడు లేవు. రసీదుల సంఖ్యలు కింద ఇచ్చాను. మీ పేజీలో “కొనండి” అని ఉన్న స్క్రీన్‌షాట్ జత చేశాను. వాటి ధరను తిరిగి ఇవ్వండి. మా తండ్రిగారు ఈ-పుస్తకాల్లో రాసుకున్న గమనికలు ఆయన సొంత రచనలు. వాటిని ఫైలు రూపంలో నాకు పంపండి. అవి నాకు అందేవరకు ఖాతాను మూయవద్దు, అందులో ఏదీ తొలగించవద్దు. ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు తెలపండి.’

సంతకం, తేదీ. ఈమెయిల్‌తో పాటు కంపెనీ రిజిస్టర్డ్ కార్యాలయానికి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టు కూడా పంపండి. రసీదును, ఆ రుజువును జాగ్రత్తగా దాచండి. గమనికల ఫైలు దొరికిందా లేదా అన్నది మాత్రం నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా తెలుసుకోవాలని ఉన్నది అదే.